చెరగని సుడి

మా తమ్ముడు చెన్నరాయుడికి ఒకటే కన్ను. రెండోది వాడి పంతొమ్మిదో ఏట పలకల గనిలో పోయింది. సుత్తి దెబ్బకు లేచిన రాతి పెచ్చు సరిగ్గా ఎడమ కంట్లో దిగింది. ఆస్పత్రిలో కట్టు విప్పిన రోజున వాడు అన్న మొదటి మాట నాకింకా గుర్తే.

"దుర్భిణికి ఒక కన్ను చాలు గదక్కా."

ఏడవాలో నవ్వాలో తెలియక వాడి నెత్తిన ఒక మొట్టికాయ వేశాను. అప్పటికే వాడికి ఆకాశం పిచ్చి పట్టి మూడేళ్ళు. మార్కాపురంలో ఊరంతా రాయి కోసి పలకలు చేస్తుంటే, వీడు పని దిగి వచ్చాక గాజు అరగదీసి అద్దం చేశాడు. ఒక గాజుబిళ్ళ మీద ఇంకో బిళ్ళ పెట్టి, మధ్యన గరుకుపొడి, నీళ్ళు వేసి, ఇనప పీపా చుట్టూ తిరుగుతూ నాలుగు నెలలు రుద్దాడు. ఆరంగుళాల అద్దం తయారైంది. దాన్ని ప్లాస్టిక్ గొట్టంలో బిగించాడు. పాత గోడ గడియారపు పళ్ళచక్రాలతో, నక్షత్రాల వెంట గొట్టం దానంతటది మెల్లగా తిరిగే మర కూడా అమర్చాడు. పదో తరగతి తప్పినవాడు. చదువు నాకూ తెలివి వాడికీ వచ్చాయని మా అమ్మ అంటుండేది. ఆవిడ పోయాక ఆ మాట అనేవాళ్ళు లేరు గానీ, అది అబద్ధం కాలేదు.

నా పేరు కాశీశ్వరి. గుంటూరులో కంటి మందుల పరిశోధనశాల ఒకదానిలో పనిచేసేదాన్ని. ఆరేళ్ళు కష్టపడి కంట్లో వేసే చుక్కలు కనిపెట్టాను. రేచీకటి ఉన్నవాళ్ళకు పనికొస్తాయనుకున్నాను. పనికిరాలేదు. ఆ సంగతి చెప్పుకుని ఏడవడానికి ఉగాదికి తమ్ముడింటికి వెళ్ళాను.

సాయంత్రం డాబా మీద చాప వేసుకుని కూర్చున్నాం. మా మరదలు అంకమ్మ కింద అంట్లు తోముకుంటోంది. వాళ్ళ కూతురు రేవతి, ఆరేళ్ళది, నా ఒళ్ళో పడుకుని ఊగుతున్న ముందుపన్నును నాలుకతో ఆడిస్తోంది.

"ఇంతకీ ఆ మందు ఏం చేస్తదక్కా?" అన్నాడు చెన్నడు.

ఆ ఇంట్లో పలకలకు కొదవ లేదు. రేవతి పలక తీసుకుని బలపంతో లేతగా ఒక గీత గీశాను. వేలితో తుడిచాను. మళ్ళీ గీశాను, మళ్ళీ తుడిచాను.

"కన్ను ఇంతేరా. పడ్డ వెలుతురు రెప్పపాటు కూడా ఉంచుకోదు. తుడిచేసి మళ్ళీ మొదలుపెడుద్ది. అందుకే మసక వెలుతురు మనకు ఆనదు." ఈసారి తుడవకుండా ఆ లేతగీత మీదే పదిసార్లు దిద్దాను. గీత తెల్లగా తేలింది. "నా చుక్క వేస్తే ఇట్టా. తుడవనియ్యదు. పడ్డ వెలుతురంతా పోగుపడి కనపడుద్ది."

"మంచిదే గదా. మరెందుకు పనికిరాలేదు?"

"మనుషులు కదులుతారు గనక. చీకటి గదిలో ఒక ముసలామెకు చుక్కలు వేస్తే, తన మనవడు గోడ నిండా పరుచుకుపోయాడని జడుసుకుంది. కుర్చీలు తప్ప ఏదీ సరిగ్గా కనపడలేదు ఎవరికీ. ఫైలు మూసేశారు."

బాగా చీకటి పడ్డాక చెన్నడు లేచి దుర్భిణి తిప్పి, ఏదో సరిచూసుకుని నన్ను పిలిచాడు. సప్తర్షి మండలం తోక చివర మరీచి అనే నక్షత్రం ఉంటుంది. దానికి కాస్త కిందగా పెట్టాడు.

"ఏం కనపడతంది?"

"దూదిపింజ. పక్కన ఇంకో చిన్నపింజ."

"ఇరవయ్యేళ్ళుగా నాకూ అంతే. అది మన పాలపుంత లాంటి పెద్ద సుడి నక్షత్రవీథి. పుస్తకాల్లో చూస్తే చేతులు చుట్టూ తిప్పుకోని ఎంత అందంగా ఉంటదో. నేను రుద్దిన అద్దంలో మాత్రం దూది." వాడి గొంతులో పాత బాధ ఉంది. "ఆకాశం కదలదు గదక్కా. కదిలినా నా మర దాని వెంట పోతది. తల కదలకుండా నేను చూసుకుంటా. ఆ చుక్క నాకెయ్యి."

వద్దనాలి. ఒంటికంటి మనిషికి పరీక్షలు పూర్తికాని మందు ఇవ్వకూడదని ఎవరినడిగినా చెబుతారు. కానీ నేను ఆరేళ్ళ చాకిరీని చెత్తబుట్టలో వేసి వచ్చినదాన్ని. నా మందు కావాలని నోరు తెరిచి అడిగిన మొదటి మనిషి వాడే. మూడు వారాలు తిరక్కుండా సీసా పట్టుకుని మళ్ళీ రైలెక్కాను.

మొదటి రాత్రి నేను పక్కనే ఉన్నాను. రెండు చుక్కలు వేశాను. ఒకటి వెలుతురును నిలిపేది, ఇంకోటి కనుగుడ్డును కదలనివ్వనిది. వాడు తల కదలకుండా, దుర్భిణి గొట్టానికి బిగించుకున్న వేపకొయ్య ముక్కను పళ్ళతో కరిచి పట్టుకుని, కన్ను ఆనించి, శిలలా నిలబడ్డాడు. గడియారపు మర టిక్కు టిక్కుమంటోంది. ఇరవై నిమిషాలకు చొంగ కారుతుండగా కొయ్య వదిలి, కన్ను మూసుకుని, కింద కూలబడ్డాడు.

"చేతులున్నయక్కా," అన్నాడు. "రెండు చేతులు. సుడి తిరిగినట్టే. కన్ను మూసుకున్నా ఉన్నయి."

ఇరవయ్యేళ్ళకు చూసిన మనిషి ఏడుస్తాడని నాకు తెలియదు. ఏడ్చాడు. తరువాత తెల్లబల్బు వెలిగించి అరనిమిషం చూడమన్నాను. బాగా వెలుతురు పడితే పలక తుడిచినట్టు అంతా పోతుంది. పోయింది. వాడు అన్నం కంచం లాక్కున్న పిల్లాడిలా నా వైపు చూశాడు.

"తుడవటం ఎందుకు?"

"తుడవకుండా పగలు తిరిగితే వెలుతురంతా దాని మీద పడి కలగాపులగం అయిపోద్ది."

"పగలు కంటికి గంత కట్టుకుంటే?"

అక్కడ నేను నాలుక కరుచుకుని ఊరుకోవలసింది. కానీ మంచి ప్రశ్న వేసిన విద్యార్థి దొరికితే పంతులమ్మకు ఒళ్ళు తెలియదు. "కట్టుకుంటే నిలబడుద్ది. మర్నాడు అదే చోట ఇంకో ఇరవై నిమిషాలు చూస్తే, నిన్నటి దాని మీదే చేరుద్ది," అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తట్టలేదు.

చైత్ర బహుళ పంచమి నుంచి అమావాస్య దాకా పదకొండు రోజులు. ముందురాత్రి వెన్నెల అడ్డురాని రోజులు అవేనని వాడు లెక్క వేసుకున్నాడు. పనికి సెలవు పెట్టాడు. పదకొండు రాత్రులు చూడటం, పదకొండు పగళ్ళు గుడ్డివాడిగా ఉండటం. అంకమ్మ నన్ను వంటింట్లో నిలబెట్టి అడిగింది.

"ఉన్న ఒక్క కన్నుకు గంత కట్టుకునే మనిషిని యాడైనా చూశామా వదినా?"

"పదకొండు రోజులే గదా. చివర్న తుడిచేస్తే మామూలే."

"నువ్వు చదువుకున్నదానివి. నువ్వు మామూలే అంటే మామూలే అనుకుంటా," అంది. ఆ మాట అప్పుడు నాకు మెప్పులా వినపడింది. నేను గుంటూరు వచ్చేశాను.

రోజూ పొద్దున్నే అంకమ్మ ఫోనులో ఫొటో పంపేది. వాడు గంత కట్టుకునే, కంట్లో నిలిచిన దాన్ని చూస్తూ, పలక మీద బలపంతో బొమ్మ గీసేవాడు. తను గీసింది తనకే కనపడదు. చేతి అంచనాతో గీయటమే. మూడో పలక నాటికి సుడి చేతుల మీద ముడుల్లాంటి చుక్కలు తేలాయి. ఐదో పలక నాటికి చేతుల మధ్య నల్లటి సందులు కూడా వచ్చాయి. అంత చిన్న దుర్భిణిలోంచి అంతగా ఎవరి కన్నూ చూసి ఉండదు.

పగలు రేవతి వాడి చూపుడువేలు పట్టుకుని ఇల్లంతా తిప్పేదట. గడప వస్తే "గడప" అనేదట. ఐదో రోజున దాని ముందుపన్ను ఊడింది. ఊడిన పాలపన్ను ఇంటి కప్పు మీదికి విసిరితే కొత్తది తొందరగా వస్తుందని మా వైపు నమ్మకం. రేవతి విసరలేదు. నాన్న చూశాకే విసురుతానని అగ్గిపెట్టెలో దాచుకుంది.

"గంత తీసినాక మొదట చూసేది నీ తొర్రే," అని వాడు మాటిచ్చాడట.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదని నాకు నేను చెప్పుకోవడానికి ఒక సాక్ష్యం ఉంది. ల్యాబులో ఉన్న కుందేళ్ళకు అవే చుక్కలు, అదే వరసలో, వాడికంటే ఒక రోజు ముందుగా మొదలుపెట్టాను. రోజుకొక కుందేలును తెల్లదీపం ముందు పెట్టి, దాని కంటి నుంచి వచ్చే కరెంటును కాగితం మీద గీయించేదాన్ని. కంట్లోది తుడుచుకుపోతే గీత కిందికి దిగుతుంది. ఏడు రోజులు ఏడు కుందేళ్ళకూ దిగింది. ఎనిమిదో దానికి దిగలేదు. అరగంట దీపం చూపించినా దిగలేదు.

ఆ రోజు ద్వాదశి. చెన్నడికి అప్పటికి ఏడు రాత్రులే అయ్యాయి. అప్పుడు ఆపితే వాడి కన్ను వాడికి దక్కుతుంది. నాకది స్పష్టంగా తెలుసు.

కాగితం చేతిలో ఉండగానే ఏడో పలక ఫొటో వచ్చింది. పెద్ద సుడి, దాని చెయ్యి చివర దూరంగా చిన్న సుడి. రెంటికీ మధ్య ఒక తెగిన గీత. కింద అంకమ్మ రాసింది: "రెండూ కలిసి ఉన్నయో లేదో రేపెల్లుండికి తేలిపోద్దంట వదినా."

"ఆపమని చెప్పు" అని రాశాను. పంపలేదు. ఒక్క కుందేలుతో ఏం తేలుతుంది, ఇంకొకదానితో చూద్దాం అనుకున్నాను. తొమ్మిదో కుందేలుకూ దిగలేదు. మనిషి కన్నూ కుందేలు కన్నూ ఒకటి కాదు కదా అనుకున్నాను. అనుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. అసలు నిజం ఏమిటంటే, నాకా బొమ్మ కావాలి. నా మందు మనిషి కంట్లో పనిచేసిందని చెప్పడానికి లోకంలో ఉన్న రుజువు ఆ పలకలు మాత్రమే. నాలుగు రోజులు నేను నోరు మెదపలేదు. నాలుగు పలకలు వచ్చాయి.

అమావాస్య మర్నాడు రైలు దిగి ఇంటికి వెళ్ళేసరికి రేవతి కొత్త గౌను వేసుకుని గుమ్మంలో ఉంది. నోరు గట్టిగా మూసుకుని ఉంది. పన్ను ఊడిన తొర్ర నాన్నకు తప్ప ఎవరికీ చూపించదట. చెన్నడు కుర్చీలో కూర్చుని, గడ్డం గీయించుకుని, పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"కలిసే ఉన్నయక్కా," అన్నాడు నా అడుగుల చప్పుడు వినగానే. "తుడిచేముందు ఒకసారి నీకు చెబుదామనుకున్నా. కలిసే ఉన్నయి."

తెల్లబల్బు వెలిగించి గంత విప్పాను. అరనిమిషం. ఒక నిమిషం. ఐదు నిమిషాలు. దీపం అంకమ్మకిచ్చి వాడి కంటికి ఇంకా దగ్గరగా పెట్టించాను.

"ఏం కనపడతంది?"

"సుడి."

అరగంట చూపించాను. బయటికి తీసుకుపోయి సున్నం కొట్టిన గోడను ఎండలో చూపించాను. వాడు ఓపిగ్గా చూశాడు. తరువాత తల నా వైపు తిప్పి, మెల్లగా పక్కకు, పైకి, కిందికి తిప్పుకున్నాడు.

"నీ మొహం ఉండాల్సిన చోట సుడి ఉందక్కా. అంచున నీ చెవి కమ్మలు కనపడతన్నయి."

అప్పుడు రేవతి వచ్చి వాడి మోకాళ్ళ మధ్య నిలబడి నోరు తెరిచింది. "చూడు నాన్నా," అంది. వాడు కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. "బాగుందమ్మా," అన్నాడు. పిల్లలకు అబద్ధం తెలిసిపోతుంది. రేవతి నోరు మూసుకుని, అగ్గిపెట్టె పట్టుకుని లోపలికి పోయింది.

జరిగింది ల్యాబులో నేనే రాసిచ్చాను. విచారణ అన్నారు, నెలన్నర సాగదీశారు. ఆ నెలన్నరా నేను కుందేళ్ళతోనే గడిపాను. తుడిచే దారి దొరకలేదు. ఇంకొకటి దొరికింది. అది పట్టుకుని, జ్యేష్ఠమాసపు ఎండలో, మళ్ళీ ఆ గుమ్మం ఎక్కాను.

చెన్నడు పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే పనికి మారాడు. అది తడుముకుని చేయొచ్చు. కంటి అంచుల్లోంచి తలుపులూ మనుషుల నీడలూ తెలుస్తాయట. మొహాలు మాత్రం లేవు. అంకమ్మ నాకు మజ్జిగ పెట్టింది. నేను గ్లాసు ముట్టుకోకుండానే చెప్పేశాను.

"ఎనిమిదో రాత్రి చూస్తే ఇక తుడుపు పడదని నాకు ద్వాదశి పొద్దున్నే తెలుసురా. చెప్పలేదు. నాకా బొమ్మ కావాల్సొచ్చింది."

అంకమ్మ నా ముందున్న గ్లాసు తీసుకుపోయి పెరట్లో పారబోసి వచ్చింది. తిట్టినా బాగుండేది. నేను తల వంచుకుని చెన్నడి మాట కోసం చూశాను.

"ఆ నాలుగు రేత్రుల్లోనే అక్కా, రెంటినీ కలిపే చెయ్యి కనపడింది," అన్నాడు చివరికి. "పెద్దది చిన్నదాని వేలు పట్టుకోని ఉంది." నా వైపు తల తిప్పాడు. "నువ్వు చెబితే ఆపేవాణ్ణో లేదో. ఆపేవాణ్ణే అనుకుంటా. రేవతి పన్ను చూడాలనుండేది."

కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. నేను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ చుక్క ఒక్కసారి వేసుకుని, మంచి వెలుతురులో దేన్నయినా ఇరవై నిమిషాలు కదలకుండా చూస్తే, సుడి మీద అది ఎక్కి కూర్చుంటుంది. తెల్లగోడను చూస్తే తెలుపే మిగులుతుంది. మనిషిని చూస్తే ఆ మనిషి. ఆ తరువాత ఇక దేనితోనూ మార్చలేం. బతికినంత కాలం కళ్ళ ముందు అదే.

నా మాట పూర్తికాకముందే అంకమ్మ లేచింది. రేవతిని పిలిచి మొహం కడిగింది. తల దువ్వి, బొట్టు పెట్టి, వాకిట్లో వెలుతురుకు ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టింది.

"కదలమాక. నాన్న నిన్ను చూస్తాడు," అంది. చెన్నడి వైపు తిరిగింది. "ఇప్పుడన్నా ఆకాశంలో చుక్కల్ని కాదు, నీ బిడ్డను చూడు."

రేవతి వెన్ను నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నవ్వాలా నాన్నా, నోరు మూసుకోవాలా?" అని అడిగింది.

చెన్నడు గోడ పట్టుకుని లేచి, దాని దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాడు. "నోరు తెరువు," అన్నాడు. అద్దం రుద్దిన ఆ చూపుడువేలు దాని చిగురు మీద పెట్టి మెల్లగా అటూ ఇటూ జరిపాడు. గాజులో సగం వెంట్రుక మందం తేడా ఉన్నా పట్టేసే వేలు అది.

"ఇంకా రాలేదు," అన్నాడు. "లోపల గట్టిగా ఏదో తగులుతంది గానీ." వేలు తీసి లుంగీకి తుడుచుకున్నాడు. "వద్దక్కా. సీసా తీసేయి."

"ఏం?" అంది అంకమ్మ. ఆమె చేతిలో దువ్వెన అలాగే ఉంది. "ఆ సుడే ముద్దొచ్చిందా నీకు, బిడ్డ కన్నా?"

"సుడి మారదు అంకమ్మా. నేను పుట్టకముందూ అట్టనే ఉంది, పోయినాకా అట్టనే ఉంటది. కంట్లో అతుక్కుంటే అతుక్కుంది, పోనీ. ఇది అట్టా కాదు గదా. ఇది పెరుగుద్ది." రేవతి తల నిమిరాడు. "ఇయ్యాల దీని మొహం కంట్లో నిలబెట్టుకున్నాననుకో, ఈ పన్ను నాకు ఎప్పటికీ రాదు. దీనికి పాతికేళ్ళొచ్చినా, దీనికే పిల్లలు పుట్టినా, నా ముందు తొర్రినోటితో స్టూలు మీదే కూర్చోనుంటది. మాట ఒకళ్ళది, మొహం ఒకళ్ళదైపోద్ది. వేలుతో అయితే ఎప్పటి బిడ్డ అప్పటికి తెలుస్తది."

"మరి నా మొహం?" అంది అంకమ్మ.

చెన్నడు ఆ గొంతు వచ్చిన వైపు చెయ్యి చాచాడు. అంకమ్మ గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఇంటికి నేను తెచ్చిపెట్టిన దుఃఖం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. నేను సీసా మూత తీసి, మజ్జిగ పారబోసిన చోటే పోసేశాను.

తిరిగి వచ్చేసరికి చెన్నడు రేవతితో అంటున్నాడు. "అగ్గిపెట్టె తెచ్చుకో. పన్ను విసురుదాం. విసరకపోతే కొత్తది ఎట్టా వస్తది?"

"నువ్వు చూడలేదు గదా."

"చూశా గదమ్మా. ఇప్పుడే గదా వేలు పెట్టింది."

రేవతి కాసేపు వాడి మొహంలోకి చూసింది. ఈసారి నమ్మింది. లోపలికి పోయి అగ్గిపెట్టె తెచ్చి, వాడి చూపుడువేలు పట్టుకుని, "గడప" అంటూ వాకిట్లోంచి వీధిలోకి దింపింది. నాలుగడుగులు వెనక్కి వేసి, బలమంతా పెట్టి డాబా మీదికి విసిరింది. దుర్భిణి గొట్టానికి తగిలినట్టుంది, పైన టక్కుమని చిన్న చప్పుడైంది.

"పడిందా?" అన్నాడు చెన్నడు.

"పడింది నాన్నా."

వాడు తలెత్తి ఆ చప్పుడు వచ్చిన వైపే చూస్తూ నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో వాడికి ఏం కనపడుతోందో నేను అడగలేదు.